కారణం చెప్పి దిగాలి

"పెద్ద క్రేన్! ఎందుకు దిగుతున్నారు? కారణం చెప్పండి."

వాకీటాకీలో మేనేజరు గొంతు. అది ఒక్క ఆపరేటరు చెవిన పడితే గొడవే లేదు. సైట్లో ప్రతి మేస్త్రీ నడుముకీ ఒక వాకీటాకీ వేలాడుతోంది, అందరిదీ ఒకటే ఛానలు. కడ్డీలు వంచేవాళ్లు, చెక్కలు బిగించేవాళ్లు, ఇసుక మోసే ఆడవాళ్లు, గేటు దగ్గర కాపలా మనిషి, అందరూ వింటారు. క్రేన్ నిచ్చెన మీద కాలు పెట్టబోయిన ఆపరేటరు అక్కడే ఆగిపోయాడు. ఒంటికి వెళ్లాలి. రెండు ముక్కల మాట. గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"కళ్లద్దాలు కింద మర్చిపోయాను సార్," అన్నాడు.

"నిన్న కాలు పట్టేసిందన్నారు. మొన్న ఇంటి నుంచి ఫోనన్నారు. ఇవాళ కళ్లద్దాలా? సరే, తొందరగా కానివ్వండి."

కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. వాటిని తీసి చొక్కా జేబులో దాచి దిగడం మొదలుపెట్టాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఇనప మెట్లు పట్టుకుని, తొడలు దగ్గరికి నొక్కుకుంటూ, ఒక్కో మెట్టు దిగుతూ లోపల్లోపల తిట్టుకుంటున్నాడు. మేనేజర్నా, తన ఒంటినా అంటే ఆయనకే తెలియదు.

సైట్లో ఆయన్ని అందరూ పైవాడు అంటారు. ఆకాశంలో గాజు గది కట్టుకుని కూర్చునే మనిషి మరి. ఇనుము కావాలన్నా సిమెంటు తొట్టి కావాలన్నా తలెత్తి ఆయన దయ కోసం చూడాల్సిందే. కింద నిలబడి "పైకి... పైకి... మెల్లగా... ఆపు" అని దారి చెప్పే సిగ్నల్ మనిషి స్వయానా ఆయన బావమరిది. ఒకరి కన్ను, ఇంకొకరి చెయ్యి. ఇన్నేళ్లలో ఒక్క ఇటుక జారలేదు. ఆ గొప్ప ఇద్దరికీ ఉంది.

ఇదివరకు పైవాడు దిగినప్పుడల్లా బదులు ఎక్కే మనిషి ఒకడుండేవాడు. కొత్త మేనేజరు వచ్చి, ఖాళీగా కూర్చునేవాడికి జీతమెందుకని అతన్ని పీకేశాడు. గాజు గదిలో ఒంటికి వెళ్లడానికి సీసా పెట్టుకుంటే జారి కిందివాళ్ల నెత్తిన పడుతుందని, అదీ వద్దన్నాడు. మధ్యాహ్నం భోజనానికి తప్ప దిగకూడదు, దిగితే ఛానలు మీద కారణం చెప్పి దిగాలి. క్రేన్ ఆగితే సైటంతా ఆగుతుందని ఆయన బాధ. అదీ నిజమే. కానీ ఆపరేటరు కూడా నీళ్లు తాగే మనిషేనన్న నిజం ఆయన లెక్కలోకి రాలేదు.

సైటు చివర రేకుల గది. పైవాడు లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడు. ఇప్పుడే ప్రాణం పోతుందేమో అన్నంత తొందర పెట్టిన ఒళ్లు, తీరా నిలబడ్డాక నాకేం తెలీదన్నట్టు ఊరుకుంది. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దగ్గాడు. కుళాయి తిప్పి ఆ చప్పుడు విన్నాడు. సన్నగా వచ్చింది, ఆగింది, మళ్లీ నాలుగు చుక్కలు. బయట వాకీటాకీలన్నీ ఒక్కసారిగా అరుస్తున్నాయి: "పెద్ద క్రేన్ ఏమైంది? సిమెంటు గట్టిపడిపోతోంది!" బొత్తాలు పెట్టుకుని బయటికొచ్చాడు. సగం లోపలే ఉండిపోయిందని తెలుస్తూనే ఉంది. మళ్లీ నిచ్చెన.

"కళ్లద్దాలు దొరికాయా బావా?" అన్నాడు బావమరిది, మొహం ఎటో పెట్టి.

"నోర్ముయ్."

ఇంట్లో సంగతి ఇంకో రకం. పగలు దిగాల్సి వస్తుందని పొద్దున లేచింది మొదలు ఆయన నీటిచుక్క ముట్టడు. సాయంత్రం ఇంటికి రాగానే బిందె ముందు కూర్చుని గటగటా తాగుతాడు. ఆపైన టీ మీద టీ. నూనెలో వేయించినవేవో ముందేసుకుని కుర్చీకి అతుక్కుపోతాడు. పొద్దంతా కూర్చుని వచ్చిన మనిషికి మళ్లీ కూర్చోడమే విశ్రాంతి. ఇక రాత్రంతా మంచానికీ బాత్రూముకీ మధ్య తిరుగుడే.

"నిన్న కూడా తలుపు చప్పుడే చప్పుడు," అంది భార్య పొద్దున్నే, ఆయన ముందు పళ్లెం పెడుతూ. "ఇంట్లో దొంగ పడ్డా ఇంత చప్పుడు చెయ్యడు. డాక్టరుకి చూపించుకోకూడదూ?"

"నిద్ర పట్టక లేస్తున్నానే. దానికి డాక్టరెందుకు?"

"నిద్ర పట్టక లేస్తున్నారా, లేవడం వల్ల నిద్ర పట్టట్లేదా?"

ఆయన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకటే నోరు అనుకున్నాడు. చెబితే ఏమవుతుంది? ముసలాడైపోయాడంటారు. కింద కూర్చోబెడతారు. కింద కూర్చుంటే తను ఏంటి? నడవడం కూడా సరిగ్గా రాని ఒక నడివయసు దాటిన మనిషి. పైన ఆ గదిలో మీట మీద చెయ్యి వేసినప్పుడు మాత్రమే ఆయన ఆయన. ఆ సీటు పోతే తట్టుకోలేడు. అందుకే ఎవరికీ చెప్పడు. అంతే.

ఆ వారం ఆయనకి జలుబు పట్టింది. ముక్కు కారుతుంటే మీటలు ఎలా పట్టుకుంటాడు? బావమరిది మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు తెచ్చి పెట్టాడు. ఒకటి వేసుకుని ఎక్కాడు. ముక్కు ఆరింది. నోరూ ఆరింది. విచిత్రం, ఆ రోజు భోజనం దాకా ఒంటికి వెళ్లాలనిపించలేదు! మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. కడ్డీల కట్టలు, గోడ పలకలు, సిమెంటు తొట్లు ఒకదాని వెనక ఒకటి ఎత్తి పెట్టాడు. మేనేజరు ఛానలు మీద "శభాష్ పెద్ద క్రేన్" అన్నాడు. అందరూ విన్నారు. పైవాడికి ఒళ్లు తేలికైంది.

మర్నాడు జలుబు లేదు. అయినా మాత్ర వేసుకున్నాడు. ఆ మర్నాడు రెండు.

చిన్న క్రేన్ నడిపేవాడికి పెద్ద మీసాలు, అందుకని మీసాలోడు అంటారు. పైవాడి దగ్గరే పని నేర్చుకున్నాడు, అన్నా అని పిలుస్తాడు. యాభై నిండినవాడు, వాడికీ ఇదే అవస్థ. భోజనాల దగ్గర పక్కన చేరి చెవిలో గుసగుసలాడాడు.

"అన్నా, ఈమధ్య నువ్వు దిగట్లేదు. ఏంటి మర్మం?"

పైవాడు అటూ ఇటూ చూసి, జేబులోంచి మాత్రల అట్ట తీసి చేతిలో పెట్టాడు. "జలుబు మాత్రరా. ముక్కుతో పాటు అన్నిటినీ ఆరబెడుతుంది. పొద్దున ఒకటి పడేసి ఎక్కు. మళ్లీ భోజనానికే దిగడం."

"నీ బుర్రే బుర్ర అన్నా!"

ఎంత తెలివి! ఆ రోజు ఆయన తన తెలివికి తనే మురిసిపోయాడు. ఇంతకంటే పెద్ద పొరపాటు జీవితంలో చెయ్యలేదని తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు.

మర్నాడు భోజనానికి దిగినప్పుడు రేకుల గదిలో చుక్క రాలేదు. పొద్దున్నుంచి వెళ్లలేదు, నీళ్లూ తాగలేదు, లేకపోతే ఎక్కణ్నుంచి వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. కానీ పొత్తికడుపు అలా సర్దుకోవడం లేదు. కుళాయి తిప్పాడు, దగ్గాడు, ముక్కాడు. ఊహూ. ముద్ద కూడా ముట్టకుండా మళ్లీ ఎక్కాడు. ఎందుకెక్కాడని అడిగితే ఏం చెబుతాం? ఎక్కడం తప్ప ఇంకోటి తెలియదు గనక.

కడ్డీల కట్ట కొక్కేనికి తగిలించారు. "పైకి బావా... పైకి..." కట్ట గాల్లోకి లేచింది. సగం దూరం వెళ్లేసరికి పొట్టలో ఎవరో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టయింది. చెమట కళ్లల్లోకి దిగింది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. వెళ్లాలి, ఇప్పుడే వెళ్లాలి, కానీ వెళ్లినా రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుర్చీలో ఒక పక్కకి ఒరిగాడు, ఇంకో పక్కకి ఒరిగాడు, లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. మీట మీద చెయ్యి అదిరింది. గాల్లో కట్ట ఊగింది.

"బావా! చెయ్యి వణికిందేంటి?"

"గాలి," అన్నాడు పళ్ల బిగువున.

"గాలెక్కడుంది? జెండా గుడ్డ కూడా కదలట్లేదు. బావా, ఏమైంది?"

కట్ట వేలాడుతుంటే సీటు వదలకూడదు. అది ఆ పనిలో మొదటి పాఠం. పైవాడు కళ్లు తుడుచుకున్నాడు. బావమరిది చెబుతున్న ఒక్కో మాటనీ కర్రలా పట్టుకుని కట్టని వెనక్కి తిప్పాడు, దించాడు, నేల మీద ఆనించాడు. కొక్కెం విడిపించారని విన్నాక మోటారు ఆపాడు. ఎలా దిగాడో ఆయనకి గుర్తులేదు. సగం దారిలో బావమరిది ఎదురెక్కి వచ్చి, కింది నుంచి ఆయన పాదాలు పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టాడు.

"పెద్ద క్రేన్, కారణం?" అని వాకీటాకీ అడుగుతూనే ఉంది. దాన్ని బావమరిది పీక నొక్కినట్టు నొక్కి ఆపేశాడు.

ఆసుపత్రిలో గొట్టం వేసి సంచీ తగిలించాక, అది నిండుతుంటే పైవాడికి కళ్ల నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. నొప్పి పోయినందుకు. ఇంత సుఖం లోకంలో ఇంకోటి ఉండదనిపించింది. డాక్టరు ఆడమనిషి, కూతురి వయసుంటుంది. ఆమె ముందు తేలు కుట్టిన దొంగలా పడుకున్నాడు.

"ఎన్నాళ్లుగా ఉంది ఇబ్బంది?"

"ఈమధ్యేనమ్మా."

"ఈమధ్యేనా?" అన్నాడు బావమరిది. "మా అమ్మాయి పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఈయన లేడు డాక్టరమ్మా. ఎప్పుడు వెతికినా బాత్రూంలోనే. ఆ పిల్ల కొడుకు ఇప్పుడు బడికెళ్తున్నాడు."

డాక్టరు నవ్వు ఆపుకుంది. పైవాడు బావమరిదిని మింగేసేలా చూశాడు. తెలిసే ఉన్నాడన్నమాట ఇన్నాళ్లూ!

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేదమ్మా. ఉత్త జలుబు మాత్ర."

"జలుబుందా?"

"లేదు."

ఆమె రాస్తున్న చెయ్యి ఆపింది. "మరి?"

పైవాడు కప్పు కేసి చూస్తూ మెల్లగా చెప్పాడు. దిగకుండా ఉండటానికని. ఆరబెడుతుందని. చెబుతుంటే ఆ తెలివి ఎంత తెలివితక్కువో ఆయనకే వినబడింది.

"చూడండి," అందామె, కుర్చీ దగ్గరికి లాక్కుని. "మూత్రసంచి కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ ప్రోస్టేట్ అని గ్రంథి ఉంటుంది. వయసుతో పాటు చాలామంది మగవాళ్లకి పెరుగుతుంది, జుట్టు నెరిసినట్టే. మీది పెరిగి దారిని నొక్కుతోంది. పరీక్షలకి పంపాను, చేత్తో చూస్తే భయపడాల్సిందేమీ కనబడలేదు. మందులతో లొంగుతుంది. కానీ మీరేం చేశారు? అసలే ఇరుకైన దారికి, ఆ మాత్రతో ఇంకా బిగించి తలుపేశారు. ఆరబెట్టలేదు, లోపల నిలవబెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీల మీదికి వచ్చేది."

"మరి నీళ్లు మానేస్తే..."

"మానేస్తే మూత్రం చిక్కబడి సంచి మండుతుంది, ఇంకా మాటిమాటికీ లేవాల్సి వస్తుంది. నీళ్లు పగలంతా కొంచెం కొంచెంగా తాగండి, పడుకునే ముందు తగ్గించండి. సాయంత్రం టీలు మానండి. రోజూ నడవండి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చినప్పుడు బిగబట్టొద్దు."

"మా పనిలో బిగబట్టకపోతే కుదరదమ్మా," అన్నాడు పైవాడు.

"అయితే పనిలో ఏదో తప్పుంది," అందామె, అదేదో చాలా మామూలు మాటలా.

గొట్టంతో ఇంటికి పంపారు, నాలుగు రోజులాగి తీస్తామన్నారు. సంచీని లుంగీ కింద దాచుకుని పైవాడు బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"సైట్లో ఈ మాట పొక్కితే నీకూ నాకూ చెల్లు. ఏదో ఒకటి చెప్పు."

బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ రోజు చాలా ఆలోచించి చెప్పాడు: కిడ్నీలో రాయి. దాంతో సైట్లో పైవాడి గౌరవం పెరిగింది. రాయిని కడుపులో పెట్టుకుని కడ్డీల కట్ట దించాడట, మనిషంటే అలా ఉండాలి అన్నారు. చివరికి మేనేజరే పళ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"రాయే కదా, పర్వాలేదు. తగ్గగానే వచ్చి ఎక్కండి. మీ సీటు మీకే ఉంచాను," అన్నాడు. "నిజం చెప్పాలంటే మొదట భయపడ్డాను. ఈ వయసులో మూత్రం సమస్యలు వస్తాయి కదా, అలాంటి మనిషిని పైన కూర్చోబెట్టలేం. అప్పుడు నేను మీకు సెలవు చెప్పాల్సి వచ్చేది."

లుంగీ కింద సంచీ బరువుగా ఆనుతుంటే పైవాడు తలూపాడు. "రాయేనండి," అన్నాడు.

భార్య టీ కప్పు మేనేజరు ముందు పెట్టింది. భర్తకి పెట్టలేదు. ఆయన మొహం కేసి మాత్రం ఒకసారి చూసింది. మేనేజరు వెళ్లాక అంది, "రాయికి ఎంత మర్యాదండీ!"

ఇంట్లో కూర్చున్న ఆ రోజులు ఆయనకి కాళ్లూ చేతులూ ఆడలేదు. కిటికీలోంచి దూరంగా క్రేన్ చెయ్యి కనబడుతోంది, కదలకుండా. ఆగి ఉన్న క్రేన్ని చూస్తే ఒళ్లు మండేది. పెద్ద క్రేన్ పని కూడా చిన్న క్రేనే లాగుతోందని బావమరిది చెప్పాడు. మీసాలోడు భోజనానికి తప్ప దిగట్లేదట, మేనేజరు రోజూ శభాష్ అంటున్నాడట. విన్నప్పుడు పైవాడికి అసూయే కలిగింది. తన సీటు గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు మరి. మాత్రల అట్ట గుర్తే రాలేదు.

గొట్టం తీసిన రోజు ఆసుపత్రిలోనే ఒంటికి వెళ్లి చూపించమన్నారు. వచ్చింది. ధారగా కాకపోయినా దారి తప్పకుండా వచ్చింది. పిల్లాడిలా సంబరపడిపోయి, అటు నుంచి అటే సైటుకి బయల్దేరాడు. రేపట్నుంచి ఎక్కుతానని చెప్పి రావాలి.

పెద్ద క్రేన్ మొదలు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు, తలెత్తి చిన్న క్రేన్ కేసి చూస్తూ. ఆ మొహంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఏంట్రా?"

"వాడి వాలకం బాలేదు బావా. పొద్దున్నుంచి చెప్పింది వినిపించుకోవట్లేదు. ఇందాక తొట్టిని గోడకి తగిలించబోయాడు."

వాకీటాకీలో మీసాలోడి గొంతు వచ్చింది. సన్నగా, ఊపిరి మధ్యలో తెగుతూ. "సార్... చిన్న క్రేన్. దిగాలి సార్."

"కారణం?"

 ముక్కుతున్న చప్పుడు, అంతే.

"కారణం లేకపోతే పని కానివ్వండి. పైన తొట్టి కోసం చూస్తున్నారు."

"అలాగే సార్," అన్నాడు మీసాలోడు. చిన్న క్రేన్ చెయ్యి కదిలింది. తొట్టి గాల్లో ఊగుతోంది. దాని కింద ఆడవాళ్లు ఇసుక మోస్తున్నారు.

పైవాడికి ఒక్కసారిగా మాత్రల అట్ట గుర్తొచ్చింది.  ఆ అట్ట తనే ఇచ్చాడు. నీ బుర్రే బుర్ర అన్నాడు వాడు. "ఇటివ్వు," అని బావమరిది చేతిలోని వాకీటాకీ పట్టుకున్నాడు.

బావమరిది వదల్లేదు. బావ ఏం చెప్పబోతున్నాడో అర్థమైపోయింది. "బావా, ఛానలు మీదొద్దు. నేను ఎక్కి చెబుతాను. సీటు పోతుంది బావా."

"నువ్వెక్కేసరికి ఎవరి నెత్తినో పడుతుందిరా."

లాక్కుని దాని బటన్ నొక్కాడు. 

"చిన్న క్రేన్, నేనురా. ఆ మాత్ర వేసుకున్నావా?"

"...అన్నా?"

"వేసుకున్నావా లేదా?"

"రెండేసుకున్నా అన్నా. నిన్న సాయంత్రం నుంచి... రావట్లేదు."

"తొట్టి మెల్లగా కిందికి దించు. మీ సిగ్నల్ మనిషి చెప్పినట్టు దించు. దించాక కొక్కెం విడిపించే దాకా ఆగి, అప్పుడు దిగిరా. విను. నాకు రాయి లేదు. రాయి అబద్ధం. నాకు ప్రోస్టేట్ పెరిగింది. ఆ మాత్ర మింగి ఒంటికి రాకుండా చేసుకున్నాను. ఆసుపత్రిలో గొట్టం వేసి తీశారు, నాలుగు రోజులు కాలికి సంచీ కట్టుకుని తిరిగాను. నీకూ అదే అయ్యింది. తప్పు నాది. వణక్కుండా దించు, నేను ఇక్కడే ఉన్నాను."

సైట్లో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. కడ్డీలు వంచేవాళ్లు కడ్డీలు పట్టుకునే నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని ఇన్నేళ్లు భయపడ్డాడు, ఒక్కడూ నవ్వలేదు.

"ఎవరది ఛానలు మీద?" అన్నాడు మేనేజరు. "దిగడానికి కారణమేంటి?"

"ఒంటికండి," అన్నాడు పైవాడు. "ఒంటికి వెళ్లాలి. అదే కారణం. నేను కళ్లద్దాలన్నప్పుడూ అదే, కాలు పట్టేసిందన్నప్పుడూ అదే."

తొట్టి దిగింది. నేలకి ఆనింది. చిన్న క్రేన్ నిచ్చెన మీద మీసాలోడు కనబడ్డాడు, పాకుతున్నట్టు. ఇద్దరు మేస్త్రీలు చెప్పకుండానే ఎదురెక్కారు. కింది నుంచి ఒకడు వాడి పాదాలు పట్టుకున్నాడు. బావమరిది బండి కోసం గేటు కేసి పరిగెత్తాడు.

మీసాలోణ్ని ఎక్కించి పంపాక మేనేజరు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. పైవాడి ముందు నిలబడ్డాడు.

"రాయన్నారు కదండీ మీరు," అన్నాడు.

"రాయైతే సీటుంచుతానన్నారు కదండీ మీరు," అన్నాడు పైవాడు.

మేనేజరు నేల కేసి చూశాడు. సీటు పోయిందని పైవాడికి ఆ చూపులోనే తెలిసింది.  తల పైకెత్తి ఆ గాజు గదిని చూడబుద్ధి కాలేదు. ఇసుక మోసే ఆమె ఒకత్తె తట్ట కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"పెద్దాయనా, ఆ మాత్ర పేరేంటి? మా ఆయన కూడా లారీ తోలేప్పుడు ఏదో వేసుకుంటాడు. పొద్దస్తమానం కడుపు బిగిసిందంటాడు."

ఆయన చెప్పాడు. ఆమె వెనక చెక్కపని ముసలి మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక గేటు కాపలా మనిషి. డాక్టరెవరు, ఎక్కడ, నొప్పి పెడుతుందా, ఆడమనిషా, అయ్యో. అడుగుతున్నది ఛానలు మీద కాదు గానీ, గొంతులు ఎవరూ తగ్గించలేదు. మేనేజరు పక్కనే నిలబడి అన్నీ వింటున్నాడు. క్రేన్లు రెండూ ఆగి ఉన్నాయి, ఎక్కించడానికి ఆయన దగ్గర ఇంకో మనిషి లేడు.

చెబుతూ చెబుతూ పైవాడు మధ్యలో ఆగాడు. "ఒక్క నిమిషం, ఒంటికి వెళ్లొస్తా," అన్నాడు. అని, సైటు చివర రేకుల గది కేసి తొందర లేకుండా నడిచాడు.